రెండో రోజు

మొదటి రోజు ఏమీ కాలేదు.
ఒంగోలు లాయర్‌పేటలో మేడ మీద గది,
ఆరు చాపలు, గోడ పొడుగునా అద్దం.
వహీదా మేడం "ఊపిరి వదలండి" అన్నప్పుడల్లా
ఆరుగురం ఆడవాళ్ళం
టైరులో గాలి తీసినట్టు వదిలాం.
పిలాటిస్ అంటే ఇంతేనా,
ఇరవై రెండేళ్ళు పల్లెవెలుగు బస్సులో నిలబడ్డదాన్ని,
నాకిదొక లెక్కా అనుకుంటా
చకచకా మెట్లు దిగొచ్చా.

రెండో రోజు
పొదిలి స్టాండులో దిగబోతే
తొడలు మొరాయించినయ్.
ఫుట్‌బోర్డు మీద కడ్డీ పట్టుకుని
కిందికీ పైకీ కాకుండా నిలబడిపోయా.
"ఏందక్కా, ఎవరన్నా కొట్టారా?"
స్టీరింగు దగ్గర్నుంచి మాలకొండయ్య.
నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట పట్టేసింది.
నవ్వుకి కూడా కండ కావాలని
నలభై ఆరేళ్ళకి తెలిసింది.

సాయంత్రం తగువుకే పోయా క్లాసుకి.
ఆమె నా తొడ మీద రెండేళ్ళు ఆనించి
"ఇది ముద్ద కాదమ్మా, పోగులు" అంది.
"కొన్ని సన్నగా చిట్లినయ్.
ఒళ్ళు కూర్చుని అతుక్కుంటా ఉంది.
రేపూ ఉంటుంది, ఎల్లుండికి తగ్గుతుంది.
కీలులో సూదిలా పొడిస్తే మాత్రం
ఓర్చుకోవద్దు, ఆపేసి నాకు చెప్పు."
ఇంకో మాట కూడా అంది:
"కాలు లేపడం తేలికే.
మెల్లగా దించడంలోనే కండకి పని ఎక్కువ,
ఈ నొప్పంతా దిగిన దారిదే."
నాకా చెప్పేది!
దిగేవాళ్ళని దిగనీయండయ్యా ముందు, అని
గొంతు చించుకునే ఉద్యోగం నాది.

పడుకుని ఒక్కో పూసా చాప మీంచి విడిపించమంటే
మా నాయన గుర్తొచ్చాడు.
మార్కాపురం పలకల షెడ్డులో
రాతిని నిలబెట్టి, చెవి దగ్గరగా పెట్టి
ఉలితో ముద్దుగా తట్టేవాడు.
పొర కింద పొర, దాని కింద ఇంకో పొర.
తొందరపడితే రాయి పగులుద్ది,
వింటే విచ్చుకుంటది, అనేవాడు.
రాతి సంగతి అంత తెలిసిన మనిషి
తన నడుం సంగతి ఎన్నడూ అడగలేదు.
వంగినవాడు వంగినట్టే పోయాడు.

రాత్రి వేణ్ణీళ్ళు పోసుకున్నా.
తోడికోడలు రమణమ్మ ఆముదం గిన్నెతో వచ్చి
మోచేత్తో కుమ్మబోతే
వద్దు తల్లీ, ఊరికే రాయి చాలన్నా.
డాబా మీద పది చుట్లు తిరిగా,
మొదటి చుట్టు తిట్టుకుంటా,
ఏడో చుట్టు మర్చిపోయి.
నీళ్ళు తాగి, పెందలాడే పడుకున్నా.
కదలకుండా ఉంటే తగ్గుద్దనుకున్నది
కదిలితేనే తగ్గింది, ఏం విడ్డూరమో.

పొట్ట లోపల, అన్నిటికన్నా అడుగున
బెల్టులా చుట్టుకున్న కండ ఒకటుందంట.
దాని ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగలా,
నడికట్టు అని పెట్టుకున్నా.
చెయ్యి లేవకముందే అది బిగుస్తుందంట.
నమ్మలేదు.

శుక్రవారం, చీమకుర్తి దాటాక
గ్రానైటు లారీ ఒకటి అడ్డంగా తిరిగింది.
మాలకొండయ్య బ్రేకు తొక్కాడు.
నా చెయ్యి కడ్డీని అందుకునే లోపే
లోపల ఏదో చప్పుడు లేకుండా బిగుసుకుంది.
అదే. నడికట్టు.
ఇరవై రెండేళ్ళుగా నాతో డ్యూటీ చేస్తా
ఒక్కసారీ పలకరించనిది.
కొట్టుకుపోకుండా ఇన్ని మలుపుల్లో నన్ను
నిలబెట్టింది కడ్డీయే అనుకున్నా.

ముసలాయనొకాయన కనిగిరికి రెండొందల నోటిచ్చాడు.
చిల్లర లేదు.
టికెట్టు వెనక బాకీ రాసి ఇస్తా ఉంటే
భుజం కింద సన్నగా లాగింది,
నిన్నటి చేతుల వ్యాయామం తాలూకు.
ఇదీ అట్టాంటి రాతే కామోసు,
ఒళ్ళు నా వెనక వైపున రాసిపెట్టిన బాకీ.
"దిగేటప్పుడు అడిగి తీసుకో తాతా" అన్నా.
తాతకే అన్నానో ఎవరికన్నానో.
సోమవారం మళ్ళీ క్లాసుంది.